వెనక సీటు మాటలు

సరోజన తన మొగుడికి చెప్పదలచుకున్న మాటలన్నీ మోటారు సైకిల్ వెనక సీటు మీద కూర్చునే చెప్పేది. ఇంట్లో కుదిరేది కాదు. ఐలన్న ఇంట్లో ఉండడమే తక్కువ. గొర్రెల మంద ఏ ఊరి పొలాల్లో దిగితే ఆ ఊళ్లోనే అతనూ ఉండేవాడు. ఎప్పుడైనా ఇల్లు చేరినా పొట్టేలు బేరానికని ఒకరు, గొర్రెకు మందు చెప్పమని ఒకరు వాకిట్లో కూర్చునే ఉండేవారు. బండి ఎక్కాక మాత్రం అతను ఎక్కడికీ పోలేడు. గరిడేపల్లి దగ్గర ఉన్న వాళ్ల ఊరి నుంచి కోదాడకో, సూర్యాపేటకో, మిర్యాలగూడలో ఉన్న కూతురింటికో బయల్దేరితే చాలు, సరోజన అతని భుజం మీద రెండుసార్లు తట్టి, చెవి పక్కకు నోరు చేర్చి మొదలుపెట్టేది. అతను "ఊ" అనేవాడు. ఇంకో తట్టు, ఇంకో మాట, ఇంకో "ఊ".

కూతురు నాగరాణి సంబంధం ఆ సీటు మీదే ఖాయమైంది. కొడుకు నరేష్ బడి సంగతీ అక్కడే తేలింది. అసలు సరోజన చదువు నేర్చిందీ అక్కడే. చిన్నప్పుడు బడి గడప తొక్కలేదు. మనవరాలు అక్షిత పలక పక్కన కూర్చుని అక్షరాలు గుర్తుపట్టడం నేర్చుకుంది. తర్వాత దారి పక్క బోర్డులే ఆమెకు పుస్తకాలయ్యాయి. ఎరువుల దుకాణం, విత్తనాల దుకాణం, పెళ్లిళ్ల హాలు, ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివి మొగుడికి వినిపించేది. "ఊ" అనేవాడు.

అన్నిటికంటే బరువైన మాట కూడా అక్కడే చెప్పింది. పదకొండేళ్లయింది.

ఆ ఏడు చెడగొట్టు వానల్లో అత్త బీరమ్మ పోయింది. అప్పటికి పది రోజులుగా మంచం మీద ఉంది. మంద అనంతగిరి దిక్కు కోసిన పొలాల్లో ఉంది, ఐలన్న మందతో ఉన్నాడు. మధ్యాహ్నం ముసలామె కళ్లు తెరిచి కొడుకును పిలవమంది. మూడుసార్లు అడిగింది. ఫోన్ సరోజన చేతిలోనే ఉంది. బయట వాన, వానతో రాళ్లు. ఫోన్ చేస్తే ఐలన్న ఆగడు, ఆ రాళ్ల వానలోనే లారీల దారి పట్టుకుని వస్తాడు. సరోజనకు పన్నెండేళ్లప్పుడు సొంత అన్న అలాంటి వానలోనే సైకిల్ ఎక్కి వెళ్లి, వాగు దాటబోయి తిరిగి రాలేదు. అందుకని, కొంచెం వాన తగ్గనీ అనుకుంది. తగ్గడానికి రెండు గంటలు పట్టింది. ఆలోపే బీరమ్మ వెళ్లిపోయింది. నిద్రలోనే పోయిందని సరోజన అందరికీ చెప్పింది, ఐలన్నకు కూడా.

దినాలయ్యాక ఇద్దరూ వాడపల్లి వెళ్లి కృష్ణలో మునిగి వచ్చారు. తిరుగుదారిలో మిర్యాలగూడ దాటి, రైసు మిల్లుల వరస పక్కగా వస్తున్నప్పుడు ఆమె ఇక ఉండబట్టలేకపోయింది. అతని వీపుకు నుదురు ఆనించి ఉన్నదంతా చెప్పేసింది. చెప్పి, భుజం మీద తట్టింది. కాసేపటికి "ఊ" అన్నాడు. తర్వాత ఇంట్లో ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు, ముఖం మాడ్చుకోలేదు. క్షమించాడనుకుంది. ఆ ఒక్క "ఊ" ను తల కింద పెట్టుకుని పదకొండేళ్లు నిద్రపోయింది.

ఈ చలికాలం నరేష్ ఒకరోజు మంద దగ్గర నుంచి ఫోన్ చేసి, "అవ్వా, నాయినకు దగ్గు ఇనబడ్తలేదే" అన్నాడు.

"ఎవరి దగ్గు రా?"

"గొర్రె దగ్గు. పొద్దటి సంది రెండు దగ్గుతున్నయి. నాయిన పక్కకే కూసున్నడు, తెల్వలే."

రెండు వందల గొర్రెల్లో ఒకటి దగ్గితే, కళ్లు మూసుకుని అది ఏ మూలన ఉందో, ఏ తల్లి పిల్లో చెప్పే మనిషి ఐలన్న. ఇంటికి రాగానే నిలదీస్తే, బండి దిగాక చెవుల్లో ఈల మోగుతుందనీ, మునుపు గంటలో పోయేదనీ, ఇప్పుడు పొద్దుగూకేదాకా ఉంటుందనీ ఒప్పుకున్నాడు. మర్నాడే సూర్యాపేట తీసుకుపోయింది.

చెవుల డాక్టరు పూర్ణిమ చిన్న వయసు మనిషే గానీ ఓపిక ఎక్కువ. చెవుల్లోకి లైటు వేసి చూసింది. అద్దాల గదిలో కూర్చోబెట్టి సన్నని చప్పుళ్లు వినిపించింది.

"రోజూ బండి ఎంత దూరం నడుపుతరు పెద్దాయనా?"

"మంద ఏడుంటే గాడికి. ఓనాడు ఇరవై, ఓనాడు అరవై కిలోమీటర్లు."

"ఎన్నేండ్ల సంది?"

"ఈ బండిది పందొమ్మిదేండ్లు."

"మీ చెవులను తింటున్నది ఇంజిను కాదు, గాలి" అంది డాక్టరమ్మ. "బండి ఉరికినకొద్దీ హెల్మెట్ లోపల గాలి మోత పెరుగుతది. ఇప్పటికి పోయింది కొంచమే. ఇంట్ల మాట మంచిగనే ఇనబడ్తది మీకు. కానీ పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్నన్న కాపాడుకోవాలె. మెల్లగ నడపండి, మోత తగ్గించుకోండి, ఇవి పెట్టుకోండి." అని మెత్తటి పచ్చ బిరడాలు రెండు చేతిలో పెట్టింది.

ఐలన్న వాటిని అరచేతిలో దొర్లించి చూశాడు. "చెవుల బిరడాలు పెట్టుకున్న గొర్లకాపరిని ఎవలన్న సూసిండ్రా డాక్టరమ్మా? తోడేలొచ్చి నా పక్కకు కూసొని బీడీ తాగి పోతది."

"నవ్వేటోళ్లు నవ్వనీ, పెట్టుకో" అంది సరోజన.

"వెనక లారి హారన్ ఇనబడకపోతే?"

సరోజన ఆ బిరడాలు కొంగున ముడేసుకుంది.

తిరిగి వస్తుంటే చలిగాలి. హెల్మెట్ కిందికీ స్వెట్టర్ పైకీ నడుమ అతని మెడ బోసిగా కనబడింది. చూడలేక రెండు అరచేతులూ అక్కడ కప్పింది. రెండు ఫర్లాంగులు పోయాక అతను, "తియ్యకు" అన్నాడు.

"ఏంది?"

"చేతులు తియ్యకు. మోత తగ్గింది."

ఇక ఆమె తీయలేదు. బండి మీద ఏమీ పట్టుకోకుండా కూర్చోవడం ఆమెకు అదే మొదలు. ఇల్లు చేరేదాకా ఊపిరి బిగబట్టిందే తప్ప ఒక్క మాట మాట్లాడలేదు.

మర్నాడు కోదాడలో ప్రవీణ్ దుకాణానికి పోయారు. ప్రవీణ్ అనంతగిరి పక్క తండా నుంచి వచ్చి మెకానిక్‌గా స్థిరపడ్డవాడు. ఐలన్న బండిని చప్పుడుతోనే గుర్తుపడతాడు. సంగతంతా విని, "గాలి ముందు నుంచేగా వచ్చేది కాకా, ముందే ఆపేద్దాం" అని హ్యాండిల్ మీద గాలిని ఆపే వెడల్పాటి అద్దం ఒకటి బిగించాడు. ఐలన్న హుజూర్‌నగర్ రోడ్డు మీద ఒక చుట్టు కొట్టి వచ్చి, హెల్మెట్ తీసి తల విదిలించుకున్నాడు.

"మునుపు ఈలనే ఉండె. ఇప్పుడు డప్పులు గూడ వచ్చినయి."

ప్రవీణ్ నమ్మక తనే ఎక్కి పోయివచ్చాడు. తల గోక్కున్నాడు. "నిజమే కాకా. అద్దం పైనుంచి ఎక్కిన గాలి తిన్నగా మీ నెత్తికే కొడుతుంది. ఉంటే మీకన్నా ఎత్తుగానన్నా ఉండాల, లేకపోతే అసలు లేకుండానన్నా ఉండాల." అద్దం విప్పేశాడు.

"అది కింది నుంచి వస్తుంది బిడ్డా" అంది అప్పటిదాకా అరుగు మీద కూర్చుని ఉన్న సరోజన. "గదువ కింది నుంచి. నేను చేతులు పెట్టి సూసిన."

ప్రవీణ్ ఐలన్న తలకు హెల్మెట్ పెట్టించి మెడ దగ్గర వేళ్లు దూర్చాడు. మూడు వేళ్లు పట్టాయి. "ఇంత వదులైతే గాలి కాపురమే పెడుతుంది లోపల" అని బుగ్గలకు బిగుతుగా పట్టే చిన్న సైజుది తెచ్చి ఇచ్చాడు. అయినా మెడ చుట్టూ ఒక వేలు సందు మిగిలింది. "ఇక్కడ మెత్తటిది ఏదన్నా చుట్టాల పెద్దమ్మా. సీట్లకు రెగ్జిన్ వేసే అతను కుట్టిపెడతాడు."

"గొర్లోళ్లం. మెత్తటిదానికి ఇంకొకలకాడికి పోతమా?" అంది సరోజన.

ఇంటికి రాగానే పాత గొంగడి అంచు కత్తిరించింది. కత్తిరించి, అలవాటు చొప్పున చింతగింజలు నానబోసి, ఉడకబెట్టి, గంజి తీసి పట్టించింది. గంజి పట్టించని గొంగడిని వాళ్లింట్లో గొంగడి అనరు. గంజి ఉంటేనే వాన నీళ్లు జారిపోతాయి, చలి లోపలికి రాదు, నలభై ఏళ్లు మన్నుతుంది. అత్త దగ్గర ఆమె నేర్చిన మొదటి పని అదే. రెండు రోజులు ఎండబెట్టి, రేకులా బిగుసుకున్న పట్టీని హెల్మెట్ కింద అంచుకు గట్టిగా కుట్టి ఇచ్చింది.

ఐలన్న మంద దాకా పోయివచ్చేసరికి మెడ చుట్టూ ఎర్రటి గీత పడింది.

"ఏమే, నా మెడకాయ మీద నీకేం పగ?"

"మోత తగ్గిందా, లేదా?"

"ఏడ తగ్గింది. పట్టీ అంచు నిక్కి నిలబడి అదో రకం కూత కూస్తుంది. చెమటకు గంజి నాని వాసన. పొట్టేలొచ్చి మూడుసార్లు నా మెడ వాసన సూసిపోయింది. నాలుగోసారి కుమ్ముతదని బండెక్కిన."

సరోజన నవ్వింది, తర్వాత తన తెలివితక్కువకు తనే తిట్టుకుంది. నేల మీద పరచడానికీ, వానకు కప్పుకోవడానికీ పనికొచ్చేది మెడకు ఎలా పనికొస్తుంది.

ఇప్పుడు ఎవరి మందల్లో చూసినా నున్నటి చర్మం గొర్రెలే. ఉన్ని వచ్చే నల్ల గొర్రెలు ఐలన్న మందలో మిగిలినవి నాలుగు. బీరమ్మ పుట్టింటి నుంచి తోలుకొచ్చిన గొర్రెల సంతానం అవి. ఎన్ని బేరాలొచ్చినా ఐలన్న వాటిని ఇవ్వలేదు. సరోజన చెప్పగా నరేష్ వాటి పిల్ల ఒకదాని తొలి బొచ్చు కత్తిరించి సంచిలో తెచ్చాడు. ఆమె దాన్ని కడిగి, నీడన ఆరబెట్టి, వేళ్లతో విడదీసి విడదీసి దూదిలా చేసింది. తన పాత నూలు చీర చించి పొడుగు గొట్టంలా కుట్టింది. ఉన్ని అందులో కూరి, బిందె కింద నెత్తిన పెట్టుకునే చుట్టబట్టలాగ గుండ్రంగా తిప్పి, హెల్మెట్ లోపలి అంచుకు చిన్న చిన్న కుట్లు వేసింది. గంజి గిన్నె వైపు చేయి పోయినప్పుడల్లా వెనక్కి లాక్కుంది.

మర్నాడు పొద్దున గరిడేపల్లికి ఇద్దరూ బయల్దేరారు. ఊరు దాటాక బండి వేగం అందుకుంది. సరోజన అలవాటుగా రెండు తట్లు తట్టి, గొంతు పెద్దది చేసి, కొత్తగా వెలిసిన బోర్డు ఒకటి చదివింది. "నాటు కోళ్లు అమ్మబడును."

"ఎందుకే గట్ల ఒర్రుతవ్?" అన్నాడు ఐలన్న. "మంచిగ ఇనబడ్తుంది."

"నిజంగనా?"

"నాటు కోళ్లన్నవ్. ఇంకో మాట చెప్పు, మెల్లగ చెప్పు."

"మరి ఇన్నేండ్లు ఇనబడలేదా?"

"ఏడ ఇనబడేది. రుమాలు కట్టుకున్ననాడు గాలి చెవుల కొట్టేది. హెల్మెట్ వచ్చినంక లోపల గిర్రున తిరిగేది."

"ఊ అంటుంటివి గద."

"నువ్వు తట్టినప్పుడల్ల అన్న. తట్టి ఊకుంటవా మరి, ఊ అనేదాక కొడ్తనే ఉంటవ్."

సరోజన పకపకా నవ్వింది. బోర్డులు తప్పు చదివినా ఊ అన్నాడన్నమాట, పక్కింటి వాళ్ల ముచ్చట్లన్నీ గాలికే చెప్పిందన్నమాట అనుకుంటూ నవ్వింది. నవ్వు సగంలో ఉండగా రైసు మిల్లుల వరస గుర్తొచ్చింది.

ఇక గరిడేపల్లిలో ఏం కొన్నదో, ఎలా ఇల్లు చేరిందో ఆమెకు తెలియదు.

ఆ పూట నుంచి ఆమెకు కుదురు లేదు. పదకొండేళ్లుగా తనదనుకున్న మన్నింపు తనది కాదు. అది ఒక తట్టుకు వచ్చిన జవాబు. చెప్పానన్న ధైర్యంతో బతికింది, తీరా చూస్తే చెప్పనేలేదు. ఇప్పుడు చెప్పాలా? చెబితే, ఈ వయసులో, లేచి మంద దగ్గరికి పోయి ఇక ఇంటికి రాకపోతే? చెప్పకపోతే, ఇద్దరిలో ఎవరు ముందు పోయినా ఆ మాట అలాగే నడుమ ఉండిపోతుంది.

ఐలన్నకు మాత్రం పండగలా ఉంది. చెవుల్లో ఈల పొద్దుగూకకముందే తగ్గుతోంది. మంద దగ్గర గొర్రెపిల్ల దగ్గును పసిగట్టాడట. "ఎన్నడూ లేనిది, బండి మీద నీ గొంతు ఇంటున్న. ఇన్నేండ్లు ఏమేం చెప్పినవో అన్నీ మొదటి సంది చెప్పాలె" అని వెంటపడ్డాడు.

మూడో రోజు మధ్యాహ్నం, అతను ఇంట్లో లేనప్పుడు, సరోజన కత్తెర తీసుకుని హెల్మెట్ ముందు కూర్చుంది. నాలుగు కుట్లు విప్పింది. పట్టీ ఊడిపోయిందంటే సరి, మళ్లీ గాలి వస్తుంది, అతను ఏమీ అడగడు. అయిదో కుట్టు దగ్గర ఆగింది. పోయింది తిరిగి రాదు అన్న డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. సూదిలో దారం ఎక్కించి ఆ నాలుగు కుట్లూ మళ్లీ వేసింది. మునుపటికంటే దగ్గర దగ్గరగా వేసింది.

వారం తిరగకుండా నల్ల గొర్రె ఒకటి ఈనింది. నాగరాణికి జున్నంటే ప్రాణం. పొద్దు పొడవగానే జున్నుపాల క్యాను ఇద్దరి మధ్య పెట్టుకుని మిర్యాలగూడకు బయల్దేరారు.

సాగర్ కాలువ వంతెన మీద ఐలన్న, "గీడ ఏం చెప్పినవ్?" అన్నాడు.

"నాగరాణికి మిర్యాలగూడ సంబంధం చేద్దామన్న."

"నేనేమన్న?"

"ఊ అన్నవ్."

"మంచిదే అన్న. పిల్ల సుఖంగున్నది." బండి ఇంకొంత దూరం పోయింది. "ఈ పెట్రోలు బంకు కాడ?"

"నరేషును బడి మాన్పియ్యకు, మందకు తోల్కపోకు అన్న."

"ఊ అన్ననా?"

"అన్నవ్. అని, తెల్లారే తోల్కపోయినవ్. వారం రోజులు నీతోని మాట్లాడలే."

"గదా సంగతి. నేను నీకు జరమొచ్చిందనుకున్న. గోళీలు తెచ్చిచ్చిన."

"ఇచ్చినవ్. ఏసుకున్న గూడ."

ఇద్దరూ నవ్వారు. సరోజన క్యాను మూత మీద చేయి వేసి గట్టిగా పట్టుకుంది. దూరాన మిల్లుల పొగ గొట్టాలు కనబడుతున్నాయి. అతను అడగకముందే దాటిపోతే బాగుండుననుకుంది. ఐలన్న బండి వేగం తగ్గించాడు.

"గీ మిల్లుల కాడ ఒకటి చెప్పినవ్. వాడపల్లి పోయొచ్చిననాడు."

"నీకు యాదికున్నదా?"

"మాట ఇనబడలే. నా అంగీ తడిసింది. ఆనాడు వాన లేదు."

"మరి ఊ అన్నవ్."

"ఏడుస్తున్నవ్, తట్టినవ్. ఏమైతే ఏంది, ఊ అన్న."

"ఇంటికొచ్చినంక అడగొచ్చు గద."

"చెప్పేదైతే నువ్వే మల్ల చెప్తవనుకున్న. ఇన్నేండ్లు చెప్పలే. అందుకే ఈ పూట అడుగుతున్న."

సరోజన అతని భుజం తట్టలేదు. తట్టకుండానే అంది. "అత్త నిద్రల పోలే."

బండి ఇంకొంచెం పోయి, రోడ్డు పక్కన ఊక కుప్ప దగ్గర ఆగింది. ఐలన్న ఇంజిను ఆపాడు. వెనక్కి తిరగలేదు. మిల్లు లోపలి మర చప్పుడు ఒక్కటే వినబడుతోంది.

"తెలివితోనే ఉన్నది. నిన్ను పిలువుమన్నది. మూడుసార్లు అన్నది."

"ఫోను?"

"నా చేతులనే ఉండె."

"మరి?"

"రాళ్ల వాన పడుతుండె. ఫోన్ చేస్తే నువ్వు వస్తవని తెలుసు."

"వచ్చేటోన్నే. వాన గీన సూస్తనా."

"అందుకే చెయ్యలే" అంది సరోజన. "వాన తగ్గినంక చేద్దామనుకున్న. తగ్గేవరకు అత్త లేదు."

ఐలన్న బండి దిగాడు. హెల్మెట్ తీసి హ్యాండిల్ పక్క అద్దానికి తగిలించాడు. ఊక కుప్పల నడుమ నుంచి పొలం గట్టు దాకా నడిచి, అటు తిరిగి నిలబడ్డాడు. సరోజన క్యాను ఒళ్లో పెట్టుకుని బండి పక్కన నేల మీద కూర్చుంది. అతని వీపు ఆమెకు అరచేతిలా తెలుసు. ఇప్పుడు అందులో ఏముందో తెలియలేదు. అన్న సైకిల్ ఎక్కి పోతున్నప్పుడూ ఇలాగే వీపు కనబడింది. తను అరుగు మీద కూర్చుని బెల్లం ముక్క తింటూ చూసింది, పిలవలేదు. ఇప్పుడూ పిలవలేదు. ధాన్యం లారీలు రెండు పోయాయి. గాలికి ఊక లేచి ఆమె చీర మీద పడింది.

చాలాసేపటికి ఐలన్న తిరిగి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆమెకు ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మ ఏమన్నది? ఉన్నదున్నట్టు చెప్పు. ఒక్క మాట గూడ ఇడిసిపెట్టకు."

సరోజన కళ్లు తుడుచుకుంది. "మొదటిసారి, 'ఐలిగాడేడి' అన్నది. మందకాడున్నడన్న. 'పిలువు, వాని మొకం సూడాలె' అన్నది. జరసేపటికి మల్ల గదే మాట అన్నది. మూడోసారి పిలువుమని, వాన చప్పుడు ఇన్నది. 'ఐలిగాడు గొంగడి తీస్కపోయిండా' అన్నది. తీస్కపోయిండత్తా, తడవడు అన్న. ఇగ కండ్లు మూసింది."

ఐలన్న నేలను చూస్తూ ఉండిపోయాడు. "ఆనాడు నేను గొంగడి తీస్కపోలే."

"అయ్యో."

"ఇంట్లనే మరిసిన. తడిసి ముద్దయిన." చేతి వేలితో ఊకలో గీతలు గీశాడు. "తీస్కపోయిండని చెప్పినవా?"

"చెప్పిన."

"గది మంచిగ చెప్పినవ్."

తర్వాత మెల్లగా, కోపం లేకుండా, "పిలిచేదుండె సరోజనా" అన్నాడు.

"ఊ" అంది సరోజన.

అతను లేచి ఆమెకు చేయి అందించాడు. "లే. పాలు ఇరిగితే నీ బిడ్డ నన్ను ఇంట్లకు రానియ్యదు." హెల్మెట్ పెట్టుకుని, మెడ చుట్టూ ఉన్ని పట్టీని వేలితో లోపలికి సర్దుకున్నాడు. ఎక్కడా సందు లేకుండా చూసుకుని గానీ బండి తీయలేదు.

బండి మెల్లగా కదిలింది. మిల్లుల వరస ఒక్కొక్కటే వెనక్కి పోతోంది. సరోజన బోర్డులు చదవలేదు. అతని వీపుకూ తన కడుపుకూ నడుమ క్యాను వెచ్చగా తగులుతోంది. కొంత దూరం పోయాక ఐలన్న ఎడమ చేయి వెనక్కి చాచి ఆమె మోకాలి మీద రెండుసార్లు తట్టాడు.

"మల్ల చెప్పు."

"ఏది?"

"అమ్మ అన్నది. మొదటి సంది."

సరోజన ముందుకు వంగింది. గొంతు పెంచలేదు, వంటింట్లో పక్కన కూర్చుని చెప్పినట్టే చెప్పింది.

"'ఐలిగాడేడి' అన్నది."

"ఇంటున్న" అన్నాడు ఐలన్న.